పొదలకు శ్రీమంతం

హిందూపురం గ్రంథాలయంలో పొద్దున పూట కిటికీ పక్క బల్ల నాది. ఎవరూ రాసివ్వలేదు గానీ అందరూ ఒప్పుకున్నారు. ఎదురు బల్ల ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలది. వాళ్ళు గొంతు తగ్గించి బట్టీపట్టేది నాకు వినపడుతూనే ఉంటుంది. మొన్న ఒక అమ్మాయి, మడ అడవులు సముద్రపు చేపలకు పురిటిగది లాంటివి అన్న వాక్యాన్ని కళ్ళు మూసుకుని మళ్ళీ మళ్ళీ చెప్పుకుంటోంది. ఉండబట్టలేక, అలాంటిది మన దగ్గర ఎక్కడుందమ్మా అని అడిగాను. ఆ పిల్ల కళ్ళు తెరిచి నవ్వింది.

"మన జిల్లాకు సముద్రం యాడుంది తాతా?"

సముద్రం లేదు. పురిటిగది ఉంది. దాన్ని కాపాడిన మనుషులు ఉన్నారు. పిల్లలూ, మీ పుస్తకంలో ఆ సంగతి లేదు కాబట్టి నేను రాస్తున్నాను.

ముందు నా చదువు సంగతి. పదో తరగతితో ఆగింది. ధర్మవరంలో మా నాయన పట్టుచీరలు నేసేవాడు. నేను కండెలు చుట్టి ఇచ్చి, సాయంత్రం కాగానే గ్రంథాలయానికి పరిగెత్తేవాణ్ణి. చేపల పెంపకం, చట్టాలు, నక్షత్రాలు, చెట్ల తెగుళ్ళు, ఏది చేతికొస్తే అది చదివాను. డిగ్రీలు చేసినవాళ్ళు ఒక వరుసలో చదువుతారు. నేను అలమరా వరుసలో చదివాను. ఈ మాట నాకు చిన్నతనం కాదు, గర్వం.

ఆ చదువుతోనే పెనుకొండలో ఒక స్వచ్ఛంద సంస్థలో పనికి కుదిరి, తల నెరిసేదాకా అక్కడే చేశాను. చెరువులను, వాటి చుట్టూ ఉన్న చిట్టడవిని కాపాడుకునే ఊరి సంఘాలకు అండగా ఉండడం మా పని. అండగా ఉండడం అనే దానికి ప్రాజెక్టు కాగితాల్లో పెద్ద పెద్ద మాటలు ఉండేవి. నిజానికి అది వాళ్ళ చాప మీద కూర్చోవడం, వాళ్ళు చెప్పేది చివరిదాకా వినడం, వాళ్ళతో పాటు ఆఫీసులకు పోయి వాళ్ళకు కూడా కుర్చీలు వేయించడం. అన్నిట్లో కష్టమైనది కుర్చీలు వేయించడమే. చేపల గంప దించి వచ్చిన ఆడమనిషికి కుర్చీ వేయమంటే ఆఫీసులో ఉన్న కుర్చీలన్నీ ఒక్కసారిగా విరిగిపోయి ఉంటాయి.

సంస్థను నడిపే పెద్దాయన్ని సారు అనేవాళ్ళం. మంచివాడు. మీటింగులో ఎవరైనా కష్టం చెబితే కళ్ళ నీళ్ళు పెట్టుకునేంత మంచివాడు. కళ్ళు తుడుచుకున్నాక ఏం చేయాలో మాత్రం నిధులిచ్చేవాళ్ళను అడిగి చెప్పేవాడు. జీపు డ్రైవరు హిందూపురం మనిషి. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలో తిట్టేవాడు. నన్ను ఏనాడూ పేరుతో పిలవలేదు. "ఏమప్పా లైబ్రరీ" అనేవాడు.

ఇక చెరువు. రొద్దం దిక్కున ఉంది, ఊరి పేరు రాయను. ఎందుకు రాయనో చదువుతూ పోతే మీకే తెలుస్తుంది. వంక, అంటే వానల్లో పారే వాగు, వచ్చి చెరువులో కలిసే చోట ఈత, వావిలి, కలే, నల్లతుమ్మ ఒకదాన్నొకటి అల్లుకుని పెద్ద పొదలుగా పెరిగాయి. ఎండాకాలంలో చూస్తే గొర్రె కూడా ముఖం తిప్పుకునే కంప. వంక పారిందంటే ఆ కంప నడుము లోతు నీళ్ళలో మునుగుతుంది. అప్పుడు చేపలు కొత్త నీటికి ఎదురెక్కి వచ్చి ఆ కొమ్మల మధ్య గుడ్లు పెడతాయి. కొరమీను తన పిల్లల్ని ఎర్రటి పట్టుపోగుల చిక్కులాగా వెంటేసుకుని ఆ పొదల చుట్టే తిరుగుతుంది. పైకొమ్మల్లో కొంగలు గూళ్ళు కట్టుకుంటాయి.

ఆ పొదలను ఊళ్ళో ఒక సంఘం కాపాడేది. ఎక్కువమంది చేపలమ్మే ఆడవాళ్ళు, కొందరు గొర్రెల కాపరులు. వంక వచ్చిన నాటి నుంచి పిల్లచేపలు లోతు నీళ్ళకు దిగేదాకా పొదల దగ్గర వల పడకూడదన్నది వాళ్ళ కట్టుబాటు. తప్పినవాళ్ళు ఎండాకాలంలో వచ్చి సర్కారు తుమ్మ కొట్టాలి. ఎక్కడి నుంచో వచ్చి అన్నిటినీ అణగదొక్కే ఆ తుమ్మను ఏటేటా కొట్టేవాళ్ళు, మిగతా పొదను ముట్టేవాళ్ళు కాదు. సంఘానికి పెద్ద ఒక ముసలామె. ఊరంతా అవ్వ అనేది, నేనూ అంతే. నెత్తిన గంపతో చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరిగిన మనిషి. ఎవరింట్లో పెళ్ళి, ఎవరింట్లో కాన్పు, ఎవరికి ఏ చేప సయించదు, అన్నీ ఆమె నోట్లో ఉండేవి.

ఒక ఏడాది సారు ఎక్కడో నిధులు సంపాదించి, మా సంఘాలను సముద్రం దగ్గరికి పంపించారు. అక్కడ ఒక ఊళ్ళో ఆడవాళ్ళు మడ అడవిని కాపాడుతున్నారు, చూసి నేర్చుకుని రమ్మన్నారు. బస్సు దిగగానే అవ్వ నేరుగా అలల దగ్గరికి పోయి, దోసిలితో నీళ్ళు నోట్లో పోసుకుని ఉమ్మేసింది.

"ఇన్ని నీళ్ళు పెట్టుకోని ఒక గొర్రె తాగేదానికి చుక్క లేదే," అంది. సముద్రాన్ని ఆ మాదిరి జాలిగా చూసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

ఆ ఊరి ఆడమనిషి ఒకామె మమ్మల్ని బురదలోకి తీసుకుపోయి మడ వేళ్ళు చూపించింది. వేళ్ళ సందుల్లో రొయ్యపిల్లలు, చేపపిల్లలు మెరుస్తున్నాయి. ఆమె నెమ్మదిగా చెప్పింది. "ఇది వాటి పుట్టిల్లండి. కాన్పుకి ఇక్కడికే వస్తాయి. ఇది కొట్టేస్తే రేపు మా వలకేం రాదండి."

అవ్వ వంగి ఒక మడ వేరును చేత్తో తడిమి చూసింది. తిరుగు ప్రయాణంలో బస్సు ఘాట్ ఎక్కుతుండగా నా వైపు వంగి అడిగింది. "మనది గూడా అదే గదప్పా?" అదే అవ్వా, అన్నాను. పుస్తకంలో చదివింది, కళ్ళతో చూసింది ఒక్కటైన రోజు అది. ఇంటికొచ్చేదాకా నాకు నిద్ర పట్టలేదు.

అంతా బాగుంది. అప్పుడే మా సంస్థ ఒక పొరపాటు చేసింది. మాలాంటి సంస్థలు మాత్రమే చేయగల పొరపాటు. ప్రతి ఏడాదీ మేము ఒక క్యాలెండరు అచ్చువేసి ఆఫీసులన్నిటికీ పంచేవాళ్ళం. ఆ ఏడాది ముఖచిత్రం ఈ చెరువు. సాయంత్రపు ఎండ, నీళ్ళలో పొదల నీడలు, కొంగల బారు. పట్నం నుంచి వచ్చిన ఫోటోగ్రాఫరు తీశాడు. ఎంత అందంగా ఉందంటే, ఒక పెద్ద ఆఫీసులో గోడకు తగిలించిన ఆ బొమ్మను చూసి ఎవరో, ఇంత మంచి చోటును సుందరీకరించకపోతే ఎలా అన్నారట. చెరువు చుట్టూ నడక దారి, సిమెంటు బెంచీలు, పిల్లల పార్కు మంజూరయ్యాయి. పని వివరాల్లో మొదటిది, ముళ్ళకంపల తొలగింపు. అంటే బొమ్మలో అందంగా ఉన్నవేవో, అవే.

డ్రైవరు ఆ క్యాలెండరును గోడ మీద నుంచి తీసి బోర్లా తిప్పి మళ్ళీ తగిలించాడు. ఆఫీసులో అందరం నెల తేదీలు ఫోన్లలో చూసుకునేవాళ్ళం.

సారు నన్ను పిలిచి కూర్చోబెట్టారు. మంజూరు చేసినవాళ్ళతో మనకు ఇంకా పనులున్నాయన్నారు. నడక దారి వస్తే జనం వస్తారు, జనం వస్తే ఆ ఆడవాళ్ళే టీ అంగళ్ళు పెట్టుకోవచ్చు అన్నారు. సంఘం చేత సరే అనిపించి రమ్మన్నారు. ఆయన అబద్ధం చెప్పడం లేదు, నిజంగానే నమ్ముతున్నాడు. అదే నన్ను భయపెట్టింది.

ఊళ్ళో మేము కూర్చున్నది అవ్వ మనవడు ఇల్లు కట్టాలనుకున్న జాగా పక్కన. సున్నంతో గీతలు గీసి ఉన్నాయి, పునాది మాత్రం తవ్వలేదు. మనవడి భార్య కడుపుతో ఉంది, కాన్పయ్యేదాకా గునపం వేయం అన్నారు. మా దిక్కు చాలా ఇళ్ళల్లో ఇదే ఆచారం. ఇంట్లో ఆడమనిషి నిండుగా ఉంటే మొగుడు చెట్టు కొట్టడు, మట్టి తవ్వడు.

నేను ఆఫీసు మాట ఆఫీసు మాటగా, దాచకుండా చెప్పాను. అవ్వ శ్రద్ధగా విన్నది.

"వాకింగ్ అంటే ఏందప్పా?"

"నడవడం అవ్వా. ఆరోగ్యానికి."

"నడిచేదానికి బండలు పరుస్తారా? మరి మేము దినామూ గంప పెట్టుకోని పోయేది ఏమనుకున్నారు, ఊరేగింపా?"

ఆడవాళ్ళంతా నవ్వారు. ఆ నవ్వు ఆగాక ఒకామె, పొదలు పోతే చేప పోతుంది, చేప పోతే మేము ఏ బెంచీ మీద కూర్చోవాలి అని అడిగింది. దానికి ఎవరూ నవ్వలేదు. వంక రావడానికి ఇంకా నెలా రెండు నెలలు ఉంది. నీళ్ళు వచ్చేలోగా పొదలు నేలమట్టమైతే ఆ ఏడు గుడ్లు లేవు. ఒకసారి చదును చేసి సిమెంటు పోస్తే మళ్ళీ ఏ ఏడూ లేవు.

వాళ్ళతో ఆఫీసుకు పోయాను. కుర్చీల కోసం పొద్దంతా మాట్లాడి, చివరికి బెంచీ ఒకటి తెప్పించాను. పని చూసే అధికారి మర్యాదస్థుడు, చిన్నవాడు. అవ్వ చెప్పింది మొత్తం విని, కాంట్రాక్టు అయిపోయిందమ్మా, కంప తీసేసి మంచి మొక్కలు నాటుతాం గదా అన్నాడు. చేపలు గుడ్లు పెట్టే చోట్ల గురించి గ్రంథాలయంలో దొరికినదంతా నకలు తీయించి ఆయన చేతికిచ్చాను. చాలా మంచి విషయాలు అన్నాడు. మేము లేచేసరికి ఆ కాగితాల మీద టీ గ్లాసు ఉంది. పుస్తకాల మీద నాకున్న గౌరవం తగ్గలేదు గానీ, వాటిని ఎవరి చేతిలో పెట్టాలో ఆలోచించడం ఆ రోజు నుంచి మొదలుపెట్టాను.

ఆషాఢం వెళ్ళింది. శ్రావణంలో మంచి రోజు చూసి భూమిపూజ పెట్టుకున్నారు. పని పట్టిన కాంట్రాక్టరు ఊరికి కబురు పెట్టాడు. డ్రైవరే ఆ కబురు మోసుకొచ్చాడు. వీడియో తీస్తారట, పెద్దలు వస్తారట, ఊళ్ళో ముత్తయిదువలంతా పట్టుచీరలు కట్టుకుని పసుపు కుంకాల తట్టలతో రావాలట, అందరికీ రవిక గుడ్డలు ఇస్తారట.

డ్రైవరు కన్నడంలో రెండు మాటలన్నాడు. అవి అచ్చుకు పనికిరావు. అవ్వ మాత్రం ఒక్కమాటే పట్టుకుంది.

"తట్టలు తీస్కోని రమ్మన్నాడా?"

"అవును."

"పిలిచినాంక పోకపోతే బాగుండదులే. పోదాం." నా వైపు తిరిగింది. "అప్పా, మీది ధర్మవరం గదా. పట్టుచీర ఒకటి కావల్ల. పాతదైనా సరే, చినిగింది కాకూడదు. పుట్టింటి చీర మాదిరి ఉండల్ల."

ఎవరికి అని అడిగాను. "కాన్పుకొచ్చేదానికి," అంది. నాకు అప్పుడు అర్థమైంది.

ఇంటికి పోయి మా ఆవిడకు చెప్పాను. మా పెళ్ళికి మా నాయన తన చేత్తో నేసిన ఆకుపచ్చ చీర ఒకటి పెట్టెలో ఉంది, కుంకుమ రంగు అంచు, జరీ కొంగు. అది అడగడానికి నాకు నోరు రాలేదు. ఇంకేదైనా పాత చీర చూడమన్నాను. ఆమె పెట్టె తెరిచి ఆ ఆకుపచ్చ చీరే తీసి నా చేతిలో పెట్టింది. "ఇది కట్టుకోని నేను యాడికి పోతాండా? చెరువు కట్టుకోనీ," అంది. అంతే, వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ రోజు పొద్దున నేను పోయేసరికి చెరువు గట్టు మీద షామియానా, కుర్చీలు, మైకు, పూల దండలు. కాంట్రాక్టరు తెల్లచొక్కాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు. మా సారు ముందు వరుసలో ఉన్నారు. పొదలకు కొంచెం ఎడంగా పసుపు రంగు జేసీబీ, దాని ముందు పళ్ళకు కూడా కుంకుమ బొట్లు. పెనుకొండ దిక్కున మబ్బు పట్టి ఉంది గానీ చినుకు లేదు.

ఆడవాళ్ళు వచ్చారు. మామూలుగా రాలేదు, పెళ్ళికి పోయినట్టు వచ్చారు. ఉన్నవాటిలో మంచి చీరలు, తలనిండా పూలు, చేతుల్లో తట్టలు, తట్టల్లో పసుపు, కుంకుమ, ఆకుపచ్చ గాజులు, నిమ్మకాయ చిత్రాన్నం, పులిహోర, పెరుగన్నం. వెనక ఇద్దరు గొర్రెల కాపరులు డోలు వాయిస్తూ. కాంట్రాక్టరు ముఖం వెలిగిపోయింది. వీడియో మనిషిని ముందుకు తోశాడు. ఆడవాళ్ళు షామియానా దాకా వచ్చారు, ఆగలేదు. పురోహితుడిని దాటారు, కుర్చీలను దాటారు, జేసీబీని దాటి పొదల దగ్గరికి పోయారు. వీడియో మనిషి తీసుకుంటూనే ఉన్నాడు. ఆపమని ఎవరూ చెప్పలేదు కదా.

అవ్వ అన్నిటికంటే పెద్ద కలే పొదకు పసుపు రాసింది. ఆ ముళ్ళ మధ్య చేతులు గీసుకుపోతున్నా మా నాయన నేసిన చీరను దాని చుట్టూ చుట్టి, కొంగు ముందుకు వేసి ఒడి కట్టింది. ఒడిలో బియ్యం, కొబ్బరి, ఖర్జూరాలు పోసింది. మిగతావాళ్ళు కొమ్మ కొమ్మకూ గాజులు తొడిగారు. కలే చెట్టు గాజులు తొడుక్కుంటే ఎట్లా ఉంటుందో మీరు చూడలేదు. నేను చూశాను. తర్వాత వాళ్ళు శ్రీమంతం పాట ఎత్తుకున్నారు.

కాంట్రాక్టరు గడియారం చూసుకున్నాడు. పూజ మొదలుపెట్టండి స్వామీ, ముహూర్తం పోతుందని పురోహితుడిని తొందర చేశాడు. ఆ ముసలి బ్రాహ్మణుడు పొదల వైపు చూశాడు, పాట విన్నాడు, పంచాంగం మూసి సంచిలో పెట్టాడు.

"శ్రీమంతం చేసిన తావులో అదే పూట భూమి తవ్వే పూజ చేయించలేను నాయనా. నాకూ కూతుళ్ళుండారు."

పూజ లేకపోతే పోయె, బండి తియ్యమని కాంట్రాక్టరు జేసీబీ నడిపే కుర్రవాడి మీద అరిచాడు. ఇంజను మోగింది. పాట ఆగింది. బండి తొండం పైకి లేచింది. ఆడవాళ్ళు ఒక్కరూ కదల్లేదు, నేనూ వాళ్ళ పక్కకు పోయి నిలబడ్డాను. అవ్వ మాత్రం చిత్రాన్నం ఉన్న ఆకు ఒకటి పట్టుకుని నేరుగా బండి దగ్గరికి నడిచింది. ఇంజను మోతలో వినపడాలని గొంతు పెంచింది, అరవలేదు.

"నీది చెన్నేకొత్తపల్లి దిక్కు గదా అబ్బా?"

కుర్రవాడు తల ఊపాడు.

"నీ పెండ్లానికి ఏడో నెల. మొన్న మీ అత్త కొరమీను అడిగితే నేనే తెచ్చిచ్చినా. పులుసు తినిందంటనా?"

కుర్రవాడు బిత్తరపోయి, తినిందవ్వా అన్నాడు.

"ఆ కొరమీను పుట్టింది ఈ పొదలోనే. ఇంగ నీ ఇష్టం. తొవ్వుతావో, ఈ అన్నం తింటావో."

ఇంజను ఇంకాసేపు మోగింది. తర్వాత ఆగింది. కుర్రవాడు తాళం చెవి తీసుకుని కిందికి దిగి, చేతులు చొక్కాకు తుడుచుకుని ఆకు అందుకున్నాడు. కాంట్రాక్టరు మీదమీదకి వస్తే, ముద్ద నోట్లో పెట్టుకునే ముందు ఒక్కమాట అన్నాడు. "కాన్పయ్యేదాకా నేను దీన్ని ముట్టను సార్. వేరే మనిషిని చూసుకోండి."

కాంట్రాక్టరు నా వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నోడివి గదప్పా. ఇదంతా మూఢనమ్మకమని చెప్పు వీళ్ళకు."

మా సారు కూడా లేచి వచ్చారు. ఆయన కళ్ళల్లో నీళ్ళున్నాయి, కానీ మాట గట్టిగానే ఉంది. అందరినీ పక్కకు తీసుకుపో అన్నారు.

అన్ని ఏళ్ళు చదివిన చదువు నా గొంతులోకి వచ్చింది. పురిటిచోటు గురించి పుస్తకాలు ఎంత చెప్పాయో అంతా చెప్పగలను. చెప్పలేదు. అది ఆ పొద మీద చీర కట్టుకుని, గాజులు తొడుక్కుని అందరి కళ్ళ ముందూ ఉంది.

"వీళ్ళకు అండగా ఉండమనే గదా సార్ నన్ను పంపింది," అన్నాను. "ఉండా."

సారు వెనక్కి వెళ్ళి జీపు ఎక్కారు. డ్రైవరు తలుపు వేస్తూ నన్ను చూసి కన్నుగీటాడు. ఆ రోజు ఊరి నుంచి పెనుకొండకు బస్సులో వచ్చాను. ఆ నెలతో ముగిసిన నా ఉద్యోగ కాలపరిమితిని సంస్థ పొడిగించలేదు. పదవీ విరమణ అని నేను చెప్పుకునేది అదే. శాలువా కప్పలేదు, ప్రసంగాలు చేయలేదు. డ్రైవరు మాత్రం బోర్లా తగిలించిన ఆ క్యాలెండరును చుట్ట చుట్టి ఇంటికి తెచ్చిచ్చాడు.

అంతటితో గెలిచామని రాస్తే బాగుండును. కాంట్రాక్టరు వేరే మనిషిని తెచ్చాడు. వాడికి పెళ్ళే కాలేదు. ఆడవాళ్ళు దానికీ దారి చూశారు. ఆ రోజు నుంచి దినామూ ఒక ఇంటివాళ్ళు తట్టలు తెచ్చి, మరో పొదకు శ్రీమంతం చేసి, పొద్దుగూకేదాకా బండికి అడ్డంగా అక్కడే కూర్చున్నారు. అప్పటికి నాకు జీతం లేదు కాబట్టి నన్ను ఆపేవాళ్ళూ లేరు. హిందూపురం నుంచి బస్సెక్కి పోయి, వాళ్ళ వెనక చాప మీద కూర్చునేవాణ్ణి. కొత్తగా వచ్చినవాడు చిత్రాన్నం తింటూ, వేరుశెనగ విత్తనాలు ఇంకొంచెం ఎక్కువ వేయవచ్చు గదా అని వంక పెట్టేవాడు. ఒక రోజు తెల్లవారుజామున, ఎవరూ లేని వేళ, రోడ్డు పక్కనున్న ఈత పొదల వరుస మొత్తం పీకేశారు. అవి మళ్ళీ రాలేదు. ఆ చోట ఇప్పుడు ఒక సిమెంటు బెంచీ ఉంది. దాని మీద మేకలు పడుకుంటాయి.

మిగతా పొదలను ముట్టకముందే వంక వచ్చింది. ఆ నీళ్ళను మేము రప్పించలేదు. నీళ్ళు వచ్చేదాకా నిలబడ్డాం, అంతే మా గొప్ప. జేసీబీ గట్టు మీదే ఆగిపోయింది. పొదలు నడుము లోతు మునిగాయి.

నీళ్ళు తేటపడ్డాక ఆ చిన్నవయసు అధికారి చూడడానికి వచ్చాడు. అవ్వ ఆయన్ని పొదల అంచుకు తీసుకుపోయి, కదలవద్దని చెప్పి నీళ్ళలోకి చూపించింది. గాజులున్న కొమ్మ కింద కొరమీను, దాని చుట్టూ ఎర్రటి పిల్లల గుంపు. ఆయన చాలాసేపు చూశాడు. కాళ్ళు నొప్పి పుట్టి, కూర్చోవడానికి ఏమైనా ఉందా అని అడిగాడు.

"ఈడ నేలే ఉండాది సార్. కుర్చీలు మీ ఆఫీసులో ఉండాయి," అంది అవ్వ.

ఆయన ప్యాంటు మడుచుకుని నేల మీదే కూర్చున్నాడు. నడక దారిని గట్టు మీదికే పరిమితం చేస్తానన్నాడు, అలాగే చేశాడు. అయితే పొదల జోలికి ఎన్నటికీ పోము అన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆయనకు బదిలీ అయింది.

చీర నీళ్ళలో నానిపోయింది. అవ్వ దాని జరీ అంచు ముక్క ఒకటి కోసి పంపించింది. మా ఆవిడ దాన్ని దేవుడి పటాల దగ్గర పెట్టింది. నేను దాన్ని చూసినప్పుడల్లా మా నాయన గుర్తొస్తాడు. తన చీర ఎవరు కట్టుకుంటే అందమొస్తుందో ఆయనకు తెలిసి ఉండదు.

కాబట్టి పిల్లలూ, పరీక్షలో మడ అడవులు ఎక్కడ అని అడిగితే పుస్తకంలో ఉన్నదే రాయండి, మార్కులు పోగొట్టుకోకండి. ఉద్యోగం వచ్చాక మాత్రం, ఏ ఆఫీసులో కూర్చున్నా, మీ ఎదుట నిలబడిన మనిషికి ముందు కుర్చీ వేయించండి. ముళ్ళకంపల తొలగింపు అని రాసిన కాగితం మీ దగ్గరికి వస్తుంది. సంతకం పెట్టేముందు ఒకసారి వంక వచ్చిన కాలంలో పోయి ఆ కంపను చూడండి.

ఇది రాస్తుండగానే నిన్న అవ్వ ఫోన్ చేసింది. ఆమె గొంతు సన్నబడింది గానీ వణకలేదు. చెరువులో పడవలు తిప్పుతారంట, ఎవరో వచ్చి పొదల దగ్గర కొలతలు వేస్తాండారని చెప్పింది. తర్వాత అడిగింది. "మీ ఇంట్లో ఇంగొక చీర ఉండాదా అప్పా?"

నేను జవాబు చెప్పకముందే వెనక పెట్టె మూత తెరిచిన చప్పుడైంది. మా ఆవిడ అక్కడి నుంచే అడిగింది.

"ఈ తూరి ఏ రంగు కావల్లంట?"